పదకొండున్నర పౌన్ల స్కాలర్‌షిప్: ప్రపంచాన్ని చదివిన అంబేద్కర్

విజయవాడ స్వరాజ్ మైదానంలో బాబాసాహెబ్ అంబేద్కర్ విగ్రహం ఎత్తు 125 అడుగులు. పీఠం మరో 81 అడుగులు. 2024 జనవరి 19న ఆవిష్కరించిన ఆ విగ్రహం దగ్గరికి మన వాడల నుంచి జనం పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. ఆ పిల్లలకు మనం ముందుగా చెప్పేది, ఆయన రాజ్యాంగం రాశారని, మన హక్కుల కోసం కొట్లాడారని. అది చెప్పాల్సిందే. దాంతోపాటు చెప్పాల్సింది ఇంకొకటుంది. ఆయన స్కాలర్‌షిప్ మీద పరాయి దేశం వెళ్ళి చదివిన విద్యార్థి. గడువు ముగిసిందని చదువు మధ్యలో వెనక్కి రావాల్సి వచ్చిన విద్యార్థి. ఆ చదువుతోనే తర్వాత దేశ విదేశాంగ విధానాన్ని పార్లమెంటులో నిలదీసిన పండితుడు.

అంతర్జాతీయ సంబంధాలు, విదేశాంగ విధానం అంటే మనకు సంబంధం లేని సబ్జెక్టులని మన హాస్టళ్ళలో చాలామంది అనుకుంటారు. అవి ఢిల్లీ ఇంగ్లీషు కుటుంబాలకు, దౌత్యవేత్తల పిల్లలకు చెందినవన్న భావన బలంగా ఉంది. పరిశోధక విద్యార్థులుగా మేం ఆ భావనను ఒప్పుకోం. అందుకే బాబాసాహెబ్ జీవితాన్ని ఈసారి ఒక ఫెలోషిప్ కథగా చెబుతున్నాం.

ఒప్పందం మీద సంతకం

భీమ్‌రావ్ 1891 ఏప్రిల్ 14న మౌ సైనిక పట్టణంలో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ బ్రిటిష్ సైన్యంలో సుబేదార్ మేజర్. మహర్ కుటుంబంలో ఆ మాత్రం చదువు, జీతం ఉండడానికి సైన్యమే కారణం. 1907లో భీమ్‌రావ్ మెట్రిక్ పాసయ్యారు. ఇంటర్ తర్వాత తండ్రి దగ్గర డబ్బు లేదు. ఉపాధ్యాయుడు, రచయిత కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ ఆయన్ని బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ దగ్గరికి తీసుకెళ్ళారు. నెలకు 25 రూపాయలు మంజూరయ్యాయి. ఆ డబ్బుతో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. పూర్తయింది.

1913 ఫిబ్రవరిలో తండ్రి చనిపోయారు. అదే ఏడాది బరోడా సంస్థానం కొంతమంది విద్యార్థుల్ని అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపాలనుకుంది. జూన్ 4న అంబేద్కర్ ఒప్పందం మీద సంతకం చేశారు. మూడేళ్ళపాటు నెలకు 11.50 పౌన్లు ఇస్తారు. చదువు పూర్తయ్యాక పదేళ్ళు బరోడా కొలువులో పనిచేయాలి. మూడేళ్ళ చదువుకు పదేళ్ళ జీవితం పూచీ. తాకట్టు పెట్టడానికి భూమి లేని కుటుంబం నుంచి వచ్చినవాడికి తాకట్టు పెట్టగలిగింది తన శ్రమ ఒక్కటే.

కృష్ణా డెల్టాలో ఉన్నవాళ్ళకు ఈ మాట వివరించి చెప్పక్కర్లేదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలువ నీళ్ళు పారిన చోట భూమి ఉన్న కుటుంబాల పిల్లలు మద్రాసు చదువులకు, తర్వాత ఇంగ్లండు చదువులకు వెళ్ళారు. ఆ భూమిలో నాట్లేసి, కోతలు కోసిన మాల మాదిగ కుటుంబాల పిల్లలకు ఊరి బడి గడప తొక్కడమే పోరాటమైంది. డెల్టాలో చదువు చరిత్ర భూమి చరిత్రతో కలిసి నడిచింది. భూమి లేనివాడికి స్కాలర్‌షిప్ తప్ప వేరే ఓడ లేదు.

న్యూయార్క్‌లో మూడేళ్ళు

1913 జులైలో అంబేద్కర్ న్యూయార్క్ చేరారు. విద్యార్థుల వసతి గృహంలో నావల్ భథేనా అనే పార్శీ యువకుడితో స్నేహం కుదిరింది. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది. వచ్చిన డబ్బులోనే కొంత మిగిల్చి బొంబాయిలో రమాబాయికి పంపాలి. మిగిలిన దాంతో తిండి, అద్దె, పుస్తకాలు. పాత పుస్తకాల దుకాణాల్లో కొన్న పుస్తకాలు వందల్లోకి పెరిగాయి.

ఆయన తీసుకున్న కోర్సుల జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అర్థశాస్త్రంలోనే 29. చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజనీతిలో 3. వీటికి తోడు ఫ్రెంచి, జర్మన్ భాషల ప్రాథమిక పాఠాలు. పన్నుల శాస్త్రంలో ఎడ్విన్ సెలిగ్‌మన్, తత్వశాస్త్రంలో జాన్ డ్యూయీ, చరిత్రలో జేమ్స్ షాట్‌వెల్ ఆయనకు గురువులు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో పారిస్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పాటులో పాలుపంచుకున్నది ఈ షాట్‌వెల్. ఆయన శిష్యుడు సుమారు పాతికేళ్ళ తర్వాత భారత ప్రభుత్వంలో కార్మిక శాఖ బాధ్యత చేపట్టి, ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ఒకే బల్ల చుట్టూ కూర్చునే త్రైపాక్షిక సమావేశాలను నడిపారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ నడిచేదీ ఆ పద్ధతిలోనే.

ఆ మూడేళ్ళలో ఆయన ఏం రాశారన్నది మనకు ముఖ్యం. ప్రాచీన భారత వాణిజ్యంపై రాశారు. ఈస్టిండియా కంపెనీ పాలన, ఆర్థిక వ్యవహారాలపై రాశారు. 1915లో ఎం.ఏ. పట్టా అందుకున్నారు. 1916 మే 9న మానవశాస్త్ర ఆచార్యుడు గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుక, పనితీరు, విస్తరణపై పరిశోధనా పత్రం చదివారు. కులానికి మూలం తన కులంలోనే పెళ్ళి చేసుకోవాలన్న కట్టడిలో ఉందని, ఆ కట్టడిని నిలబెట్టడానికే స్త్రీల మీద క్రూరమైన ఆచారాలు రుద్దారని అందులో నిరూపించారు. అప్పటికి ఆయన వయసు 25. ఇక్కడ ఉండగా ఆ మాట నిలబడి చెప్పే వేదిక ఆయనకు దొరికేది కాదు. అక్కడ దొరికింది. విషయం ఎంచుకునే స్వేచ్ఛ ఆయనకు ఉండడం వల్లే ఈ రచనలు సాధ్యమయ్యాయి. ఈ సంగతికి మళ్ళీ వద్దాం.

1917: ఆగిపోయిన చదువు

1916లో అంబేద్కర్ కొలంబియా నుంచి లండన్ వెళ్ళారు. న్యాయవిద్యకు గ్రేస్ ఇన్‌లో, అర్థశాస్త్రానికి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. పరిశోధన మొదలైందో లేదో, బరోడా ఇచ్చిన గడువు తీరిపోయింది. తిరిగి రమ్మని కబురొచ్చింది. నాలుగేళ్ళలోగా మళ్ళీ వచ్చి చదువు కొనసాగించే అనుమతి మాత్రం విశ్వవిద్యాలయం నుంచి తెచ్చుకోగలిగారు. 1917 ఆగస్టులో బొంబాయి చేరారు. ఆయన సామాను వేరే ఓడలో వస్తూ యుద్ధంలో టార్పెడో దెబ్బకు సముద్రంలో కలిసిపోయింది. కడుపు కట్టుకుని కొన్న పుస్తకాల్లో చాలా భాగం దాంతోపాటే పోయాయి.

ఒప్పందం ప్రకారం సెప్టెంబరులో బరోడా వెళ్ళారు. మహారాజు ఆయనకు సైనిక కార్యదర్శి ఉద్యోగం ఇచ్చారు. ఆఫీసులో నౌకర్లు ఫైళ్ళను దూరం నుంచి బల్ల మీదికి విసిరేవారు. తాగడానికి నీళ్ళు దొరికేవి కావు. ఊళ్ళో హిందూ హోటల్ ఏదీ గది ఇవ్వదు. కులం దాచి ఒక పార్శీ సత్రంలో తలదాచుకుంటే పదకొండో రోజున కర్రలు పట్టుకుని గుంపు వచ్చింది. కొలంబియాలో చదివి, లండన్‌లో పరిశోధన మొదలుపెట్టి వచ్చిన మనిషి సామాను సర్దుకుని పార్కులో చెట్టు కింద కూర్చోవాల్సి వచ్చింది. స్కాలర్‌షిప్ ఇచ్చిన రాజ్యం ఆ విద్యార్థికి తల దాచుకునే గది ఇప్పించలేకపోయింది.

అదే ఏడాది నవంబరులో మన బెజవాడలో ఒక చరిత్ర జరిగింది. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన కోస్తా జిల్లాల దళిత ప్రతినిధులు సమావేశమయ్యారు. పంచములన్న పేరును తోసిపుచ్చారు. ఈ నేలకు మొదటి వారసులం మేమేనంటూ ఆది ఆంధ్రులన్న పేరు పెట్టుకున్నారు. బరోడాలో ఒక మనిషికి గది దొరకని నెలల్లోనే బెజవాడలో ఒక జాతి తన పేరును తానే రాసుకుంది. అప్పటికి వీళ్ళకు ఆయన తెలియదు, ఆయనకు వీళ్ళు తెలియదు. ఇద్దరూ తలపడుతున్నది మాత్రం ఒకే గోడతో.

సొంత డబ్బుతో మళ్ళీ లండన్

1918 నవంబరులో అంబేద్కర్ బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా చేరారు. జీతంలోంచి పైసా పైసా దాచారు. కొల్హాపూర్ సాహూ మహారాజ్ సాయం చేశారు. కొలంబియా మిత్రుడు భథేనా 5,000 రూపాయలు అప్పిచ్చారు. 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. పొద్దున తలుపు తీసేసరికి బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయం చేరి, మూసేదాకా అక్కడే చదివారు.

అప్పుడు ఎంచుకున్న సమస్య రూపాయి. ఒక దేశం డబ్బు విలువను ఇంకో దేశం తన లాభం కోసం ఎలా నిర్ణయిస్తుంది? మారకపు రేటు పెరిగితే ఎవరికి లాభం, తగ్గితే ఎవరి నోట్లో మట్టి? ఇవాళ అంతర్జాతీయ రాజకీయ అర్థశాస్త్రం అని పిలుస్తున్న విషయం ఇదే. సామ్రాజ్యపు రాజధానిలో కూర్చుని సామ్రాజ్యపు ద్రవ్య విధానాన్ని తప్పుపట్టారు. పరీక్షకులకు ఆ సిద్ధాంత వ్యాసం మింగుడుపడలేదు. తిరగరాయమన్నారు. ముగింపులు మార్చకుండా తిరగరాశారు. 1923లో డి.ఎస్సీ. పట్టా వచ్చింది. కొలంబియాకు ఇచ్చిన సిద్ధాంత గ్రంథం బ్రిటిష్ ఇండియాలో ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థ పరిణామంపై. 1925లో అచ్చయిన ఆ పుస్తకాన్ని సయాజీరావుకు అంకితమిచ్చారు. 1927లో పిహెచ్.డి. అందింది. ఓడ ఎక్కిన పద్నాలుగేళ్ళకు.

1930 నుంచి 1932 దాకా లండన్‌లో జరిగిన రౌండ్ టేబుల్ సమావేశాలకు ఆయన అంటరాని కులాల ప్రతినిధిగా వెళ్ళారు. మద్రాసు రాష్ట్రం నుంచి రెట్టమలై శ్రీనివాసన్ వెంట ఉన్నారు. అప్పటిదాకా ఊరి చివర వెలివాడలో నలిగిపోయిన సమస్య ప్రపంచ పత్రికల కళ్ళ ముందు రాజ్యాంగ సమస్యగా నిలబడింది. బ్రిటిష్ ప్రధాని ముందు లెక్కలతో, చట్టంతో వాదించగలిగే మనిషి ఆ గదిలో ఉండబట్టే అది సాధ్యమైంది. ఆ మనిషి తయారవడం వెనక ఒక ఫెలోషిప్ ఉంది.

తనకు దక్కింది తన వాళ్ళందరికీ

1942 జులైలో అంబేద్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్ అయ్యారు. అక్టోబరులో వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు షెడ్యూల్డ్ కులాల సమస్యలపై సవివరమైన వినతిపత్రం ఇచ్చారు. అందులో ఉన్నత విద్యకు, విదేశీ చదువుకు డబ్బు కేటాయించాలన్న డిమాండు ఉంది. అలీగఢ్, బనారస్ విశ్వవిద్యాలయాలకు గ్రాంటు ఇస్తున్న ప్రభుత్వానికి షెడ్యూల్డ్ కులాల విద్యార్థులు ఎందుకు కనపడరన్నది ఆయన వాదన. ఏటా 3 లక్షల రూపాయలు మంజూరయ్యాయి. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మూలం ఇదే. ఇవాళ కృష్ణా, ఎన్టీఆర్, ఏలూరు జిల్లాల్లో ఇంటర్, డిగ్రీ, పీజీ చదివే దళిత విద్యార్థి అందుకుంటున్నది ఆ పోరాట ఫలితం.

ప్రాథమిక బడులు చాలవని ఆయన గట్టిగా నమ్మారు. పాలనలో, చట్టంలో, విధాన నిర్ణయాల్లో కీలకమైన కుర్చీల్లో మన వాళ్ళు కూర్చోవాలి. ఆ కుర్చీకి దారి పై చదువు. 1944 సెప్టెంబరులో లేబర్ మెంబర్ హోదాలో మన కోస్తా జిల్లాల్లో పర్యటించినప్పుడు ఆయన్ని చూడడానికి వచ్చిన కూలి జనం దృష్టిలో ఆయన మంత్రి మాత్రమే కాదు. తమ పిల్లలు ఎంతదాకా వెళ్ళగలరో చూపిస్తున్న కొలమానం.

న్యూయార్క్‌లో ఉన్న రోజుల నుంచి నల్లజాతి ప్రజల సమస్యను ఆయన గమనిస్తూనే ఉన్నారు. 1946లో అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లజాతి సంఘం ఐక్యరాజ్య సమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు కావాలని, అంటరాని ప్రజలు కూడా ఆ దారిలో వెళ్ళాలని ఆలోచిస్తున్నారని తెలిపారు. డుబోయిస్ సానుభూతితో జవాబిచ్చారు. 2001లో డర్బన్ జాతి వివక్ష వ్యతిరేక మహాసభకు దళిత సంఘాలు కులం సమస్యను మోసుకెళ్ళాయి. అది దేశ అంతర్గత విషయమంటూ భారత ప్రభుత్వం అడ్డుపడింది. మరుసటి ఏడాదే ఐక్యరాజ్య సమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ కులాన్ని పుట్టుక ఆధారిత వివక్షగా గుర్తించింది. ఆ దారికి మొదటి రాయి వేసినవాళ్ళలో బాబాసాహెబ్ ఒకరు.

విదేశాంగ విధానంపై దళిత గొంతు

1951 సెప్టెంబరులో ఆయన నెహ్రూ మంత్రివర్గానికి రాజీనామా చేశారు. హిందూ కోడ్ బిల్లు కారణమని అందరికీ తెలుసు. రాజీనామా ప్రకటనలో ఉన్న మిగతా కారణాలను మనం తక్కువగా చదువుతాం. మంత్రివర్గ విదేశీ వ్యవహారాల కమిటీలో గానీ, రక్షణ కమిటీలో గానీ తనకు చోటు ఇవ్వలేదని చెప్పారు. అర్థశాస్త్రంలో అంత చదివిన మనిషికి, రౌండ్ టేబుల్ సమావేశాల్లో వాదించిన మనిషికి చట్టం శాఖ చాలనుకున్నారు. దళిత మేధావిని దళిత సమస్య దగ్గరే ఆపేసే అలవాటు అప్పటిది, ఇప్పటికీ పోలేదు.

విధానంపై ఆయన విమర్శ సూటిగా ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగేళ్ళలో మిత్రులంతా దూరమయ్యారని, ఐక్యరాజ్య సమితిలో మన తీర్మానాన్ని బలపరిచేవాళ్ళే కరువయ్యారని అన్నారు. దేశ ఆదాయం 350 కోట్ల రూపాయలైతే అందులో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని లెక్క చూపించారు. విదేశాంగ విధానం తప్పితే దాని ధర పేదవాడి బడి, ఆసుపత్రి రూపంలో కడతామన్నది ఆ లెక్క సారాంశం. 1954 ఆగస్టు 26న రాజ్యసభలో పంచశీల మీద, టిబెట్‌ను చైనాకు వదిలేయడం మీద నిలదీశారు. ఎనిమిదేళ్ళకు చైనా యుద్ధం వచ్చింది. ఆయన అభిప్రాయాలన్నీ మనం ఒప్పుకోవాల్సిన పనిలేదు. అమెరికా కూటమి పట్ల ఆయన వైఖరిని ప్రశ్నించే దళిత మార్క్సిస్టులు ఉన్నారు, ఉండాలి కూడా. కానీ ఆ చర్చలో ఆయన గొంతు ఒక విద్యావంతుడి గొంతు. పాఠ్యపుస్తకాల్లో భారత విదేశాంగ విధానం నెహ్రూతో మొదలై నెహ్రూ చుట్టూ తిరగడం, ఆయన పేరు వినపడకపోవడం యాదృచ్ఛికం కాదు.

1952 జూన్ 5న కొలంబియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1956 అక్టోబరులో లక్షలాది జనంతో బౌద్ధం స్వీకరించారు. నవంబరులో ఖాట్మండు ప్రపంచ బౌద్ధ సభలో ప్రసంగించారు. డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశారు. చివరి నెలల్లోనూ ఆయన చూపు దేశం సరిహద్దు దగ్గర ఆగలేదు.

ఇవాళ్టి లెక్క

ఈ జీవితాన్ని ఇవాళ్టి నిబంధనల పక్కన పెట్టి చూద్దాం. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954–55లో మొదలైంది. ఇప్పుడు దేశం మొత్తానికి 125 సీట్లు. అందులో షెడ్యూల్డ్ కులాలకు 115. 2022లో మార్చిన మార్గదర్శకాల ప్రకారం భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక అధ్యయనాలపై పరిశోధనకు ఈ స్కాలర్‌షిప్ ఇవ్వరు. అంటే ప్రాచీన భారత వాణిజ్యం కుదరదు. ఈస్టిండియా కంపెనీ చరిత్ర కుదరదు. కులాల పుట్టుక అసలే కుదరదు. 25 ఏళ్ళ అంబేద్కర్ ఇవాళ దరఖాస్తు పెడితే తిప్పి పంపుతారు. 2025–26లో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ఉత్తర్వులిచ్చారు. మిగతా 66 మందిని నిధులు ఉంటే చూద్దామన్నారు. 1917లో లండన్‌కు వచ్చిన కబురు ఇంకోసారి వచ్చినట్టే.

మన రాష్ట్రంలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి పేరును 2022లో తీసేసి ముఖ్యమంత్రి పేరు పెట్టారు. ర్యాంకుల్లో మొదటి 200 విశ్వవిద్యాలయాలకే సాయం అన్నారు. ఆ ప్రభుత్వమే 206 అడుగుల కట్టడం నిలబెట్టింది. 2024లో కొత్త ప్రభుత్వం పాత పేరు మళ్ళీ పెట్టింది. పేరు రావడం మంచిదే. విద్యార్థికి కావలసింది మాత్రం వేళకు పడే ఫీజు, నెలనెలా తిండి ఖర్చు, చదువు పూర్తయ్యేదాకా ఆగని హామీ. 7.5 లక్షలు దాటిన విద్యా రుణానికి బ్యాంకు ఆస్తి తాకట్టు అడుగుతుంది. డెల్టాలో ఆ ఆస్తి అంటే భూమి. ఆ భూమి ఎవరి పేరున ఉందో పాస్‌పుస్తకాలు చెబుతాయి.

స్కాలర్‌షిప్‌ను తెలుగులో ఉపకారవేతనం అంటున్నాం. ఆ మాటలోనే ఉపకారం దాగి ఉంది. పుచ్చుకున్నవాడు తల వంచుకోవాలన్న సూచన ఉంది. బాబాసాహెబ్ తల వంచలేదు. దాతకు పుస్తకం అంకితమిచ్చారు, రాజ్యాన్ని మాత్రం హక్కుగా అడిగారు. ఆయన బాటలో మన డిమాండ్లూ స్పష్టంగా ఉండాలి. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో విషయాలపై పెట్టిన నిషేధం ఎత్తేయాలి. ఎంపికైన ప్రతి విద్యార్థికీ పూర్తి కాలం నిధులు ఇవ్వాలి. అంతర్జాతీయ సంబంధాలు, ప్రజా విధానం చదవాలనుకునే దళిత, ఆదివాసీ పరిశోధకులకు మన విశ్వవిద్యాలయాల్లో ప్రత్యేక ఫెలోషిప్‌లు పెట్టాలి.

ఈ వేసవిలో దరఖాస్తు నింపబోతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మేం చెప్పేది ఒక్కటే. విదేశాంగ విధానం, ఐక్యరాజ్య సమితి, ప్రపంచ వాణిజ్యం మీ సబ్జెక్టులే. వందేళ్ళ కిందటే మన మనిషి ఒకాయన వాటిని చదివి, వాటి మీద రాసి, వాటి గురించి పార్లమెంటులో కొట్లాడి వెళ్ళారు. మీ పరిశోధన విషయం మీరే ఎంచుకోండి. దరఖాస్తు తిప్పి పంపితే కారణం రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం మన ఉద్యమానికి సాక్ష్యం అవుతుంది.

జై భీమ్.